జలుబు చేసినప్పుడు ఉబ్బస మేల హెచ్చును?

మన ఇండ్లలో ఈ వ్యాధికి పేర్లు పలు విధములు. కొందరు ఉబ్బసమందురు, కొందరు ఆయాసమందురు. తెలంగాణమునుండి షోలాపురము, భివండి చేరిన కుటుంబములలో దమ్ము అనుట వాడుక. పేరేదైనను బాధ యొక్కటే. తెల్లవారుజామున దగ్గు తెర, రొమ్ములో బిగువు, పిల్లికూతలు, పడుకొన్నచో ఊపిరాడక లేచి కూర్చుండుట. ఈ బాధ పడినవారిని "ఎట్లు మొదలైనది?" అని అడిగినచో చాలమంది చెప్పు జవాబు ఇది: "నాలుగు దినముల క్రిందట పడిశము పట్టినది. అదే రొమ్ములోనికి దిగినది."

ఈ మాటలో నిజమున్నది. వైద్యశాస్త్రము కూడ ఇప్పుడు అదే చెప్పుచున్నది. అయితే మన కుటుంబములలో ఈ నిజమును సగమే గ్రహించి, మిగిలిన సగమును వదలివేయుచున్నాము. జలుబు తగ్గుటకు నానా ప్రయత్నములు చేయుదుము గాని, జలుబు రాకపూర్వమే ఊపిరిగొట్టములను సిద్ధముగా నుంచవలెనని తలపము. పని దినములు పోవుట, కూలి పోవుట, అప్పు చేసి ఆసుపత్రిలో చేరుట, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవుట ఈ మరపువలననే జరుగుచున్నవి. కావున ఈ సంగతిని మొదటినుండి వివరింప దలచినాము.

ఉబ్బసమనగా నేమి?

మన గొంతు దిగువనుండి ఒక పెద్ద గొట్టము రొమ్ములోనికి పోయి, రెండుగా చీలి, చెట్టుకొమ్మలవలె చీలుచు పోయి, తుదకు దారమంత సన్నని గొట్టములగును. వీనిని శ్వాసనాళములందురు. వీని లోపలివైపు మెత్తని పొర, దాని చుట్టు సన్నని కండరములు ఉండును. ఉబ్బసము గలవారిలో ఆ లోపలి పొర ఎల్లప్పుడు కొంత వాచియుండును. బాధ లేని దినములలోను ఆ వాపు పూర్తిగా పోదు. రోగికి ఏమియు తెలియదు. హాయిగా మగ్గము నేయుచుండును. లోపల మాత్రము నివురుగప్పిన నిప్పువలె వాపు నిలిచియే యుండును.

ఏదైన రెచ్చగొట్టునది తగిలినప్పుడు మూడు సంగతులు ఒక్కమారు జరుగును. కండరములు బిగియును. పొర ఇంకను వాచును. చిక్కని కళ్లె ఊరి గొట్టమునకు అడ్డుపడును. అప్పుడు గాలి లోనికి పోవుటకన్న బయటికి వచ్చుట కష్టమగును. ఆ ఇరుకు సందులలోనుండి గాలి వచ్చునప్పుడు పుట్టు ధ్వనియే పిల్లికూత.

రెచ్చగొట్టునవి అనేకములు: దుమ్ము, పొగ, బూజు, చలిగాలి, ఘాటైన వాసనలు. అయితే వీనియన్నిటిలోను ముఖ్యమైనది జలుబు. 1995లో ఇంగ్లండులో 9 నుండి 11 ఏండ్ల పిల్లలపై జరిపిన పరిశోధన యొకటి ప్రకటింపబడినది. ఉబ్బసము హెచ్చిన సందర్భములలో నూటికి 80 నుండి 85 వరకు పిల్లల శ్వాసమార్గమున ఏదో ఒక వైరసు కనబడినది. ఆ వైరసులలో మూడింట రెండు వంతులు సామాన్యమైన జలుబు కలిగించు రైనోవైరసులే. పెద్దవారిలో ఈ పాలు కొంత తక్కువయైనను, వారిలోను జలుబు ప్రధాన కారణమే.

జలుబు లోపల చేయు పని

వానలో తడిసినందున జలుబు పుట్టదు. అది ఒకరినుండి మరొకరికి చేతులద్వారా, దగ్గు తుమ్ముల తుంపరలద్వారా సోకు వైరసువలన పుట్టును. వానకాలమున అందరము తలుపులు మూసికొని ఒక్క గదిలో చేరుదుము. అందువలన ఆ దినములలో జలుబు హెచ్చు. రైనోవైరసులు 160కి పైగా రకములున్నవి. ఒక రకము వచ్చిపోయినను మరొక రకమునుండి రక్షణ లేదు. ఈ కారణముచేతనే జలుబునకు టీకా రాలేదు. ఒక పిల్లవానికి ఏడాదిలో ఆరు లేక ఎనిమిది మారులు జలుబు చేయుట వింత కాదు.

ఈ వైరసు ముక్కులోనే ఉండిపోవునని వెనుక తలచుచుండిరి. క్రింది శ్వాసనాళములకును దిగి అక్కడి పొరలో పెరుగునని తరువాత రుజువైనది. ఆరోగ్యవంతునిలో ఆ పొర కణములు వెంటనే ఇంటర్ఫెరాన్ అను పదార్థమును పుట్టించి వైరసును అణచును. 2005లో ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు ఉబ్బసము గలవారి పొర కణములను తీసి పరీక్షింపగా, వానిలో ఇంటర్ఫెరాన్ తక్కువగా పుట్టి వైరసు ఎక్కువగా పెరిగినట్లు కనుగొనిరి. తరువాతి పరిశోధనలలో అందరు రోగులయందు ఇది ఒకే తీరుగా కనబడలేదు. కాని ఫలిత మొకటే: ఒక ఇంటిలో నలుగురికి ఒకే జలుబు సోకినప్పుడు ముగ్గురికి ముక్కు కారి పోవును, ఉబ్బసము గల నాలుగవవానికి రొమ్ము పట్టుకొనును.

అప్పటికే వాచియున్న పొరను వైరసు దెబ్బతీయును. దెబ్బతిన్న పొరనుండి వెలువడు సంకేతములకు రక్తమునుండి మరికొన్ని కణములు వచ్చి చేరి వాపును పెంచును. పొర క్రింది నరముల చివరలు పైకి తేలినట్లై చిన్న వాసనకే దగ్గు వచ్చును. ఇది జలుబుతోపాటు తగ్గిపోదు. ముక్కు కారుట వారములో నిలిచిపోయినను, శ్వాసనాళములు కొన్ని వారముల పాటు అతి సున్నితముగానే యుండును. "జలుబు పోయినది, ఇక భయము లేదు" అని పనిలో దిగినవానికి పదవ దినమున ఆయాసము వచ్చుటకు కారణమిదే.

ఇన్‌ఫ్లుయెంజా జ్వరము, కోవిడ్ మొదలైనవియు ఉబ్బసమును రెచ్చగొట్టగలవు. 2020లో జనులు ఇండ్లలో నుండి, మాస్కులు ధరించి, చేతులు కడుగుకొన్న నెలలలో అనేక దేశములందు ఉబ్బసపు దాడితో ఆసుపత్రికి వచ్చువారి సంఖ్య తగ్గినది. సోకుడు తగ్గినచో ఉబ్బసము తగ్గునని చూపుటకు ఇంతకన్న పెద్ద నిదర్శన మక్కరలేదు.

మన ఇండ్లలో కూడివచ్చునవి

జలుబు ఒక్కటే వచ్చుట వేరు. దానికి దుమ్ము, పొగ తోడగుట వేరు. వైరసు పట్టిన గొట్టములకు, మామూలు దినములలో ఓర్చుకొను దుమ్మే ఓర్వరానిదగును. ఎలర్జీ గలవారికి, వారికి పడని వస్తువు తగులుచుండగా జలుబు కూడ వచ్చినచో, ఆసుపత్రి పాలగు ప్రమాదము మరింత హెచ్చునని పరిశోధనలు తెల్పినవి. ఈ దృష్టితో మన ఇండ్లను చూచుకొందము.

మనలో చాలమందికి ఇల్లే పనిపట్టు. గుంటమగ్గమున్న గదిలోనే వంట, ఆ ప్రక్కనే పిల్లల పడక. వానకాలమున గుంటలో చెమ్మ, గోడకు బూజు. కండెలు చుట్టుచుండగా, ఆసు పోయుచుండగా, గంజి ఆరిన పడుగును సరిచేయుచుండగా సన్నని నూలుపీచు గాలిలో తేలును. సాంచాల కొట్టములో ఇది ఇంకను హెచ్చు. షోలాపురములో మన స్త్రీలనేకులు బీడీలు చుట్టి సంసారమునకు తోడ్పడుచున్నారు. ఆ పొగాకు దుమ్మును ఇంటిలోని పసివాండ్రును పీల్చుచున్నారు. కట్టెల పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ, మగవారి బీడీ పొగ వీనికి అదనము.

సాంబ్రాణి సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పసిబిడ్డకు తలంటి సాంబ్రాణి పొగ వేయుట మన ఆచారము. జలుబు చేసినప్పుడు మరింత ప్రేమతో వేయుదుము. కాని పిల్లికూతలు గల బిడ్డకు ఏ పొగయైనను పొగయే. తల తువ్వాలుతో బాగుగా తుడిచి ఆరబెట్టినచో చాలును.

నేతపనిలో మరియొక అలవాటు గూర్చియు చెప్పెదము. నాడె కంటిలోనుండి పోగును నోటితో పీల్చి లాగుట పూర్వము ఇంగ్లండు, అమెరికా మిల్లులలో వాడుకగా నుండెను. ఒకే నాడెను పలువురు నోట పెట్టుకొనుటచే రోగములు వ్యాపించునని, అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రము 1911లో చట్టముచేసి దానిని నిషేధించినది. మన కొట్టములలో ఎక్కడనైన ఈ అలవాటు మిగిలియున్నచో నేడే మానవలెను. పోగును కొక్కెముతో లాగవచ్చును.

గంజియు, అతుకును

ఉబ్బసమునకు మందులు రెండు విధములు. ఈ రెంటి భేదమును నేతగాండ్రమైన మనము ఇతరులకన్న తేలికగా గ్రహింపగలము.

పడుగునకు గంజి పెట్టుదుము. నేసిన గుడ్డలో ఆ గంజి ఎవరికిని కానరాదు, ఉతికిన పోవును. అయినను గంజి చాలని పడుగు అచ్చులో ఒరసికొని పోగుపోగున తెగును. తెగిన పోగును అతుకుట మరొక పని. అతుకు లేనిదే పని సాగదు. కాని దినమంతయు అతుకుచు కూర్చున్నవాడు చీర నేయలేడు.

సాల్బుటమాల్ పీల్పుమందు అతుకు వంటిది. బిగిసిన కండరములను అయిదారు నిమిషములలో సడలించి ఊపిరి నిచ్చును. నాలుగైదు గంటలలో దాని పని ముగియును. లోపలి వాపును అది తగ్గింపదు. బుడెసొనైడు, బెక్లోమెథసోను మొదలైన స్టిరాయిడు పీల్పుమందులు గంజి వంటివి. పీల్చిన వెంటనే ఏమియు తెలియదు. దినదినము వాడుచుండగా లోపలి వాపు తగ్గి, రాబోవు జలుబు దెబ్బను తట్టుకొను శక్తి గొట్టములకు వచ్చును. వీనిని వాడుట వైరసును ఆపుటకు కాదు. వైరసు వచ్చినప్పుడు మంట పెద్దది కాకుండుటకు.

ఈ భేదము తెలియక మన ఇండ్లలో జరుగుచున్న దేమి? అతుకు మందును పదిలముగా జేబులో నుంచుకొందుము. గంజి మందును, బాధ తగ్గిన పక్షము దినములకే మానివేయుదుము. "బాగున్నప్పుడు మందేల?" అందుము. బాగుండుటకు కారణము ఆ మందే యని మరతుము. 2000లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రపు రోగుల లెక్కలను పరిశీలించి ప్రకటించిన ఫలితములలో, గడచిన ఏడాది వాడిన స్టిరాయిడు పీల్పుమందు డబ్బా ఒక్కొక్కటి పెరిగిన కొలది ఉబ్బసపు మరణము 21 శాతము చొప్పున తగ్గుచు వచ్చినట్లు తేలినది. మందు మానివేసినవారిలో మొదటి మూడు నెలలలో మరణములు హెచ్చుగా నుండెను. 2019 మొదలు అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకములు, 12 ఏండ్లు దాటినవారెవ్వరును కేవలము సాల్బుటమాల్ మీదనే ఆధారపడి యుండరాదని చెప్పుచున్నవి. బుడెసొనైడు, ఫార్మొటెరాల్ రెండును కలిసిన పీల్పుమందు అతుకునకును గంజికిని ఒకటే పనికివచ్చును. దీనిని గూర్చి మీ వైద్యుని అడుగుడు.

స్టిరాయిడు అన్నంతనే భయపడువారు కలరు. లెక్క చూడుడు. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్ర ఒక్కటి 5,000 మైక్రోగ్రాములు. పీల్పుమందు ఒక పీల్పులో సాధారణముగా 100 లేక 200 మైక్రోగ్రాములుండును. అదియు నేరుగా గొట్టములకే చేరును. పీల్చిన పిదప నోరు పుక్కిలించి ఉమ్మివేసినచో నోటిపూత రాకుండును. "పీల్పుమందు మరిగినచో వదలదు, అది చివరి దశ మందు" అనుట వట్టి అపోహ. అది మొదటి దశ మందే.

ఇక వెల సంగతి. ప్రధానమంత్రి జన ఔషధి కేంద్రములలో ఈ మందులు చౌకగా దొరకును. పిల్లలకు, వృద్ధులకు పీల్పుమందును స్పేసరు అను గొట్టముతో ఇచ్చుట మేలు. అది కొనలేమని మానవలదు. 1999లో ప్రకటింపబడిన దక్షిణాఫ్రికా పరిశోధనలో, 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగున, పీల్పుమందు మూతి బిగుతుగా పట్టునంత రంధ్రము చేసి, సీసా మూతిని పిల్లవాని నోటికందించి చూచిరి. అది కొన్న స్పేసరుతో సమానముగా పని చేసినది. సీసా శుభ్రముగా కడిగి ఆరబెట్టినదై, రంధ్రపు అంచులు గరుకులేనివై యుండవలెను.

జలుబు పట్టిన మొదటి దినము

ముక్కు కారుట మొదలైన దినమే జాగ్రత్త పడవలసిన దినము. ఆయాసము వచ్చువరకు ఆగరాదు. ఈ క్రింది సంగతులు ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను.

ఒకటి: గంజి మందును ఏ కారణముననైనను మానరాదు. జ్వరమున్నను మానరాదు. వైద్యుడు జలుబు దినములకు మోతాదు పెంచుమని ముందే వ్రాసి యిచ్చినచో ఆ ప్రకారము పెంచవలెను. అట్టి చీటీ లేనివారు, బాగున్న దినముననే వైద్యునొద్దకు పోయి వ్రాయించుకొనవలెను.

రెండు: సాల్బుటమాల్ డబ్బాలో మందున్నదో లేదో అప్పుడే చూచుకొనవలెను. అర్ధరాత్రి ఖాళీ డబ్బాను విదిలించి ప్రయోజనము లేదు.

మూడు: ఆ వారము దుమ్ము పనికి దూరముగా నుండవలెను. మగ్గము దులుపుట, ఆసు పోయుట, గంజి పని మరొకరికి అప్పగింపుడు. తప్పనిసరియైనచో ముక్కు నోరు కప్పుకొనుడు. పీచును చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో అద్ది తీయుడు.

నాలుగు: గోరువెచ్చని నీరు, గంజి, చారు త్రాగవచ్చును. ఆవిరి పట్టినచో ముక్కుకు సుఖముగా నుండును. కాని అది రొమ్ములోని బిగువును వదలింపదు. కాగుచున్న నీటిని పిల్లలకు దూరముగా నుంచుడు. పెరుగు, అరటిపండు మొదలైనవన్నియు మాన్పించి పిల్లవానిని నీరసింపజేయనక్కరలేదు. ఒక పదార్థము తిన్న ప్రతిసారి బాధ కలిగినచో దానిని మాత్రమే విడువవలెను.

అయిదు: జలుబు గలవారు చేతులు సబ్బుతో కడుగుకొని, దగ్గునప్పుడు మోచేయి అడ్డము పెట్టుకొని, ఉబ్బసము గలవారితో ఒకే తువ్వాలు, ఒకే పడక వాడక యుండవలెను. బడులు తెరచిన తరువాత మొదటి వారములలో పిల్లలు జలుబును ఇంటికి తెచ్చుట సాధారణము. ఆ దినములలో తాతలు, నాయనమ్మలు మరింత జాగ్రత్తగా నుండవలెను.

ఇన్‌ఫ్లుయెంజా టీకా ఏడాదికొకమారు వేయించుకొనుట ఉబ్బసము గలవారికి మేలు. ఇది సామాన్యపు జలుబును ఆపదు గాని ఆ జ్వరపు తీవ్రతనుండి కాపాడును. షోలాపురము, భివండి, బరంపురము వైపు వానలు జూనులో మొదలగును. కంచి, సేలము వైపు అక్టోబరునుండియు వానలుండును. వానలకు ముందే వేయించుకొనవలెనని గుర్తుంచుకొనుడు.

చేయరాని పనులు

జలుబు చేయగానే మందుల దుకాణమునకు పోయి యాంటీబయాటిక్ మాత్రలు కొనుట మనలో పరిపాటి. అవి బాక్టీరియాను చంపును గాని వైరసును చంపవు. కళ్లె పచ్చగా నున్నంతమాత్రమున అవి కావలెనని కాదు. ఉబ్బసపు వాపులోని కణములవలననే కళ్లెకు ఆ రంగు రావచ్చును. అయితే వణకుతో కూడిన హెచ్చు జ్వరము, రొమ్ములో ఒకవైపు పోటు, రక్తపు జీర కనబడినచో అది న్యుమోనియా కావచ్చును. వెంటనే వైద్యుని చూడవలెను.

ఒళ్లునొప్పులకు యాస్పిరిన్, ఇబుప్రొఫెన్ మాత్రలు కొందరు ఉబ్బస రోగులకు పడవు; గంటలో తీవ్రమైన ఆయాసము తెచ్చును. అట్టివారికి పారాసెటమాల్ సాధారణముగా క్షేమము. రక్తపోటు, గుండె జబ్బులకు మందు వ్రాయించుకొనునప్పుడు "నాకు ఉబ్బసము కలదు" అని తప్పక చెప్పవలెను. వానిలో కొన్ని శ్వాసనాళములను బిగించును.

ఊరుపేరు లేని పొడులు, గోలీలు "మూడు దినములలో గుణము" అని అమ్మువారు కలరు. ఇట్టి కొన్నింటిలో స్టిరాయిడు కలిసియున్నట్లు పరీక్షలలో బయటపడినది. గుణము వెంటనే కనబడుటకు కారణ మదే. ఎముకలు గుల్లబారుట, మధుమేహము వచ్చుట తరువాతి మాట.

మృగశిర కార్తె ప్రవేశించునప్పుడు హైదరాబాదులో ఇచ్చు చేపమందుకొరకు మన కుటుంబములు దూర ప్రాంతములనుండి ప్రయాణమై పోవుట అందరెరిగినదే. ఎవరి విశ్వాసమును మేము నిందింపము. మా మనవి యొక్కటే. పోవువారు పీల్పుమందును మానివేసి పోవలదు, వచ్చిన పిదపను మానవలదు. ఆ కార్తె వానలు, జలుబులు మొదలగు కాలము. వేలమంది గుమిగూడు చోట జలుబు సోకుట తేలిక. సరిగా ఆ నెలలోనే గంజి లేని పడుగు మగ్గమెక్కినట్లు కారాదు.

ఆగరాని గుర్తులు

వాక్యము పూర్తిగా పలుకలేకపోవుట, ఊపిరి తీయునప్పుడు ప్రక్కటెముకల సందులు, గొంతుగుంట లోనికి పోవుట, పెదవులు నీలము పారుట, సాల్బుటమాల్ పీల్చినను గుణము నాలుగు గంటలు నిలువకపోవుట, పసిబిడ్డ పాలు త్రాగలేకపోవుట, మగతగా నుండుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆసుపత్రికి బయలుదేరవలెను. పిల్లికూత వినబడక పోవుట మేలని భ్రమపడరాదు. గాలి కదలనంత ఇరుకైనప్పుడు కూతయు ఆగిపోవును.

బండి వచ్చులోగా రోగిని పడుకొనబెట్టక నిటారుగా కూర్చుండబెట్టవలెను. సాల్బుటమాల్‌ను స్పేసరుతో ఒక్కొక్క పీల్పుగా, నడుమ అర నిమిషము విడచి, నాలుగునుండి పది పీల్పుల వరకు ఇయ్యవచ్చును. 20 నిమిషములకు తగ్గనిచో మరల ఇయ్యవలెను, త్రోవలోను ఇయ్యవచ్చును. 108కు ఫోను చేయుడు.

దగ్గు అంతయు ఉబ్బసము కాదు

రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో కళ్లె పరీక్ష చేయించవలెను. అది క్షయ కావచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయకు పరీక్షయు మందును ఉచితము. ప్రత్తి, నూలు దుమ్ములో ఏండ్ల తరబడి పనిచేసినవారికి, సెలవు దినము గడచి పనిలో చేరిన మొదటి దినమున రొమ్ము బిగియుట బిస్సినోసిస్ అను మరొక వ్యాధి లక్షణము. ఇది నూలు మిల్లులలో హెచ్చు. బాధ ఏ దినమున, ఏ పనిలో హెచ్చునో వైద్యునికి చెప్పుడు. "నేను నేతపని చేయుదును" అను ఒక్క మాట చెప్పకపోవుటచే రోగనిర్ణయము తప్పవచ్చును.

సంఘములు చేయదగినది

ఎన్ని గజములు నేసిన అంత కూలి యగుటచే, జలుబుతో ఒక దినము ఆగుట మనవారికి కష్టము. ఆ ఒక్క దినము ఆగక పది దినములు పోగొట్టుకొనుట మరింత కష్టము. ప్రతి స్థానిక సంఘము కార్యాలయమునందును, ప్రతి సాంచాల కొట్టమునందును ఒక సాల్బుటమాల్ డబ్బా, ఒక స్పేసరు ఉంచి, దానిని వాడు విధము తెలిసినవారిని ఇద్దరినైనను సిద్ధపరచవలెనని కోరుచున్నాము. జలుబు చేసిన ఉబ్బస రోగికి ఆ వారము దుమ్ము లేని పని యిచ్చుటవలన యజమానికి పోవునది స్వల్పము. స్త్రీల సమావేశములలో పీల్పుమందు పీల్చు విధమును ఒకమారు చేసి చూపించినచో పది ఉపన్యాసములకన్న మేలు.

జలుబు రాక మానదు. మన మెంత జాగ్రత్త పడినను ఏడాదికి రెండు మూడు మారులైనను అది గుమ్మము త్రొక్కును. వచ్చిన జలుబు ముక్కుతో పోవునా, రొమ్మునకు దిగునా యన్నది చాలవరకు మన చేతిలో నున్నది. వానలకు నెల ముందుగా, ఇంటిలో ఉబ్బసము గలవారి మందుల డబ్బాను ఒకమారు తీసి చూడుడు. గంజి మందు నిలిచిపోయియున్నచో వైద్యుని అడిగి మరల మొదలు పెట్టించుడు.